పోస్టులో వచ్చిన కోర్టు సమన్లు చెల్లుతాయా? కవరు తిప్పి పంపితే ఏమవుతుంది?

ముందు జవాబు చెప్పేస్తా, వివరాలు తర్వాత చూద్దాం. చెల్లుతాయి. సివిల్ దావాలో సమన్లు పోస్టులో వచ్చినా, కోర్టు అమీనా ఇంటికొచ్చి చేతికిచ్చినా చట్టానికి తేడా లేదు. సంతకం పెట్టి తీసుకుంటే అందినట్టే, "నాకొద్దు పో" అని పోస్ట్‌మాన్‌ను తిప్పి పంపినా అందినట్టే. కానీ మన నల్లగొండ, పాలమూరు ఊళ్లలో "సంతకం పెట్టకు బిడ్డా, పెడితే ఇరుకుతవ్" అనే సలహా ఇప్పటికీ నడుస్తూనే ఉంది, అదీ ఊళ్లో నలుగురికి నచ్చజెప్పే పెద్దమనుషుల నోటి నుంచే. ఆ మాట విన్నవాళ్లలో చాలామంది కేసు గెలవాల్సింది పోయి అసలు తమ మాట చెప్పుకునే వంతే పోగొట్టుకున్నారు. కోర్టు వరండాలో ఒక పూట నిలబడితే చాలు, ఈ బాపతు కథలు బోలెడు వినిపిస్తాయి.

సివిల్ ప్రొసీజర్ కోడ్ 1908 నాటిది, అందులో ఆర్డర్ 5 అంతా సమన్ల గురించే. 2002 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన సవరణల తర్వాత రూల్ 9 ఇప్పుడున్న రూపంలోకి వచ్చింది. రిజిస్టర్ పోస్టు ఏడీ (అందినట్టు సంతకం పెట్టిన కార్డు తిరిగొచ్చేది), స్పీడ్ పోస్టు, హైకోర్టు ఆమోదించిన కొరియర్, ఫ్యాక్స్, ఈమెయిల్, వీటిలో దేనితోనైనా కోర్టు సమన్లు పంపొచ్చు, ఖర్చు మాత్రం దావా వేసిన వాదిది. 2025లో తపాలా శాఖ రిజిస్టర్ పోస్టును స్పీడ్ పోస్టులో కలిపేసింది కాబట్టి ఇప్పుడు వచ్చే కవరు మీద స్పీడ్ పోస్టు అనే ఉంటే కంగారు పడొద్దు, "రిజిస్టర్ పోస్టులో రాలేదు, చెల్లదు" అని వాదించాలనీ చూడొద్దు, రూల్‌లో స్పీడ్ పోస్టు పేరు ముందునుంచే ఉంది.

చేతికొచ్చింది సమన్లేనా?

కోర్టు పేరు చూడగానే గుండె జారిపోతుంది కానీ ముందు అది ఏ కాగితమో తేల్చుకోండి. వకీలు తన లెటర్‌హెడ్ మీద పంపేది లీగల్ నోటీసు, అది కోర్టు నుంచి వచ్చింది కాదు, జవాబు ఇవ్వకపోతే ఆ రోజే కొంప మునగదు, అయినా ఇవ్వడమే మంచిది. లోక్ అదాలత్ నుంచి వచ్చేది రాజీకి పిలుపు. బ్యాంకు పంపే నోటీసు వేరే సంగతి. అసలు సమన్ల మీద కోర్టు ముద్ర, జడ్జి లేదా కోర్టు అధికారి సంతకం, ఓఎస్ నంబర్ (సివిల్ దావా నంబర్), సంవత్సరం, మీరు హాజరు కావాల్సిన తేదీ ఉంటాయి, వెంట దావా కాపీ కూడా ఉండాలి, ఆర్డర్ 5 రూల్ 2 చెప్పేది అదే. దావా కాపీ లేకుండా వట్టి సమన్ల కాగితమే వచ్చిందనుకోండి, "కాపీ లేదు కాబట్టి నేను రాను" అని ఇంట్లో కూర్చోవద్దు. వాయిదాకు పోయి, కాపీ అందలేదని మీ వకీలు ద్వారా చెప్పించి కాపీ అడగండి.

నమ్మకం కుదరకపోతే ఫోన్‌లో ఈకోర్ట్స్ సర్వీసెస్ యాప్ వేసుకుని చూడండి. కేసు నంబర్‌తో, 16 అక్షరాల సీఎన్ఆర్ నంబర్‌తో (ఒక్కో కేసుకు ఉండే ప్రత్యేక నంబర్), లేదా పార్టీ పేరుతో వెతకొచ్చు. ఇక్కడొక చిక్కుంది. తెలంగాణలో 2022 జూన్ 2 నుంచి 33 జిల్లాలకూ విడివిడిగా న్యాయ జిల్లాలు వచ్చాయి, అంతకుముందు ఉమ్మడి నల్లగొండ, ఉమ్మడి మహబూబ్‌నగర్ కిందే అన్నీ ఉండేవి. కాబట్టి సూర్యాపేటదో భువనగిరిదో వనపర్తిదో గద్వాలదో కేసు అయితే యాప్‌లో ఆ జిల్లా ఎంచుకోవాలి, పాత అలవాటు కొద్దీ నల్లగొండలో, మహబూబ్‌నగర్‌లో వెతికి "కేసే లేదు, ఎవడో బెదిరిస్తున్నాడు" అని తేల్చేసుకోవద్దు.

కవరు వెనుక పోస్ట్‌మాన్ రాసే రెండు ముక్కలు

కేసు ఎటు తిరుగుతుందో చాలాసార్లు ఇక్కడే తేలుతుంది. కవరు తిరిగి కోర్టుకు పోయేటప్పుడు దాని మీద పోస్ట్‌మాన్ పెన్నుతో గీకిన ఒక మాట, పక్కన తేదీ, పొట్టి సంతకం ఉంటాయి. జడ్జిగారు చూసేది దాన్నే.

"రెఫ్యూజ్డ్" అని ఉంటే వాదికి పండగే. ఆర్డర్ 5 రూల్ 9 ప్రకారం తీసుకోవడానికి నిరాకరించాడని పోస్ట్‌మాన్ రాసి పంపితే సమన్లు అందినట్టు కోర్టు ప్రకటిస్తుంది. మీరు కవరు ముట్టుకోకపోయినా సరే, లోపల ఏముందో తెలియకపోయినా సరే. నిజంగా మీరు నిరాకరించలేదు, పోస్ట్‌మాన్ మీ గడప తొక్కకుండానే అలా రాశాడు అంటే అది మీరు రుజువు చేసుకోవాలి, ఆ రోజు మీరు ఊళ్లో లేరనడానికి ఆసుపత్రి కాగితాలో, బస్సు రైలు టికెట్లో, డ్యూటీ రిజిస్టరో ఏదో ఒకటి చూపాలి. ఉత్తి నోటిమాటతో పని కాదు.

"డోర్ లాక్డ్", "ఇంటిమేషన్ ఇచ్చాం", "అన్‌క్లెయిమ్డ్", ఇవి ఇంకో రకం. ఇల్లు తాళం వేసి ఉంటే పోస్ట్‌మాన్ చీటీ వదిలి పోతాడు, మామూలుగా ఏడు రోజులు పోస్టాఫీసులో ఉంచి ఎవరూ రాకపోతే తిప్పి పంపిస్తారు. సరైన అడ్రసుకు, స్టాంపులు అతికించి, రిజిస్టర్ పోస్టులో వేసిన ఉత్తరం చేరినట్టే అనుకోవాలని జనరల్ క్లాజెస్ చట్టం సెక్షన్ 27 చెబుతుంది. చెక్ బౌన్స్ నోటీసుల విషయంలో సుప్రీంకోర్టు 2007లో సీసీ అలవి హాజీ కేసులో ఇదే చెప్పింది, "ఇంట్లో లేడు", "తాళం వేసి ఉంది", "దుకాణం మూసి ఉంది" అని రాసి తిరిగొచ్చినా అందినట్టే భావించొచ్చని. ఇది భావన మాత్రమే, తప్పని చూపించే దారి తెరిచే ఉంటుంది, కానీ చూపించాల్సిన బరువు మీ నెత్తిన పడుతుంది.

"లెఫ్ట్" అనో "అలాంటి మనిషి లేడు" అనో వస్తే మాత్రం అందనట్టే, వాది కొత్త అడ్రసు పట్టుకోవాలి. మన ఊళ్లలో ఒకే ఇంటిపేరు, ఒకే పేరున్న మనుషులు ఇద్దరు ముగ్గురు ఉండటం మామూలే, తండ్రి పేరు, ఇంటి నంబర్ లేకుండా పంపితే ఒకరి కవరు ఇంకొకరికి పోతుంది.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. ఏడీ కార్డు అసలు తిరిగి రాకుండా ఎక్కడో పోయినా, సమన్లు జారీ అయిన 30 రోజుల్లో కోర్టుకు చేరకపోయినా, అడ్రసు సరిగా ఉండి, పోస్టులో సరిగా పంపినట్టు తేలితే అందినట్టే ప్రకటించే వీలు అదే రూల్‌లో ఉంది. అంటే "కార్డు మీద నా సంతకం ఏది చూపించు" అని అడిగినంత మాత్రాన బయటపడలేరు.

సంతకం ఎవరు పెట్టారు?

పాలమూరులో ఇదే పెద్ద తలనొప్పి. కొడుకూ కోడలూ ముంబైలోనో పుణెలోనో హైదరాబాద్‌లోనో పనికి పోయి ఉంటారు, ఊళ్లో ముసలి తల్లిదండ్రులు ఉంటారు, కవరు కొడుకు పేరున వస్తుంది, తల్లి వేలిముద్ర వేసి తీసుకుని గూట్లో పెట్టి పండక్కి వచ్చినప్పుడు ఇద్దామనుకుంటుంది. ఈలోపు వాయిదా అయిపోతుంది.

రూల్ ఏమంటుందంటే, వీలైనంత వరకు ప్రతివాది చేతికే ఇవ్వాలి, లేదా అతని తరఫున తీసుకునే అధికారం ఉన్న ఏజెంటుకు. అతను ఇంట్లో లేడు, తగినంత సమయంలో దొరికే అవకాశమూ లేదు అంటే, అతనితో కలిసి ఉంటున్న కుటుంబంలోని వయసొచ్చిన మనిషికి అమీనా ఇవ్వొచ్చు, ఆడైనా మగైనా ఫరవాలేదు. పనిమనిషి కుటుంబం కిందికి రాదని రూల్ 15లోనే రాసి ఉంది. పక్కింటాయన సంతకం, కిరాయిదారు సంతకం, పదో తరగతి పిల్లగాడి సంతకం ఇవేవీ లెక్కలోకి రావు. ఏళ్ల తరబడి వేరే ఊళ్లో కాపురం ఉంటున్న కొడుకు "కలిసి ఉంటున్నట్టా" కాదా అనేది వాదించుకోదగ్గ పాయింటే, ఆధార్ మీద అడ్రసు ఎక్కడుంది, రేషన్ కార్డు ఎక్కడుంది, పిల్లలు ఎక్కడ చదువుతున్నారు, ఇవన్నీ అక్కడ పనికొస్తాయి. కానీ ఆ వాదన దాకా పోవడం ఎందుకు, ఊళ్లో ఉన్న అమ్మానాన్నలకు ఒక్క మాట చెప్పి పెట్టండి, కోర్టు కవరు ఏదొచ్చినా అదే రోజు ఫొటో తీయించి వాట్సాప్‌లో పంపమని.

విడాకుల కేసుల్లో ఇంకో వేషం చూస్తుంటాం. భార్య పుట్టింట్లో ఉంటుంది, భర్త దావాలో ఆమె అడ్రసు కింద తన ఇంటి అడ్రసే రాస్తాడు, సమన్లు వస్తే అతని ఇంట్లోవాళ్లే ఎవరో తీసుకుంటారు, ఆమె కోర్టుకు రాలేదని ఎక్స్‌పార్టీ (ఒక పక్షం లేకుండానే ఇచ్చే) విడాకులు అయిపోతాయి. ఇది మోసం, రుజువైతే డిక్రీ (దావాలో కోర్టు ఇచ్చే తుది ఉత్తర్వు) రద్దవుతుంది. భర్తతో గొడవపడి పుట్టింటికొచ్చిన ఆడపిల్ల తండ్రి అప్పుడప్పుడూ ఈకోర్ట్స్ యాప్‌లో బిడ్డ పేరు కొట్టి చూస్తుంటే నష్టమేం లేదు.

కవరు తీసుకున్నాక

చించి పారేయొద్దు, కవరు కూడా సాక్ష్యమే. రెండు వైపులా ఫొటో తీయండి, మీ చేతికి వచ్చిన తేదీ రాసి పెట్టుకోండి. కవరు మీద రెండు అక్షరాలతో మొదలై మధ్యలో తొమ్మిది అంకెలుండి ఐఎన్‌తో ముగిసే నంబర్ ఉంటుంది, ఇండియా పోస్ట్ సైట్‌లో కొడితే ఏ రోజు బుక్ అయింది, ఏ రోజు డెలివరీ అయింది అన్నీ కనిపిస్తాయి, అది స్క్రీన్‌షాట్ తీసుకోండి. ఎందుకంటే లెక్క అంతా అందిన రోజు నుంచే మొదలవుతుంది. జవాబు దావా 30 రోజుల్లో వేయాలి, సరైన కారణం చూపితే కోర్టు 90 రోజుల దాకా ఒప్పుకుంటుంది. ఆ 90 రోజులు కూడా దాటితే మామూలు సివిల్ దావాల్లో అసాధారణ పరిస్థితి ఉంటే ఇంకా అనుమతించొచ్చని సుప్రీంకోర్టు 2005లో చెప్పింది నిజమే కానీ దాన్ని నమ్ముకుని తీరుబడిగా ఉండొద్దు, మీ అదృష్టం ఎట్లుంటుందో ఎవరికి తెలుసు. కమర్షియల్ దావా (వ్యాపార లావాదేవీలది) అయితే 120 రోజులు, ఆ తర్వాత తలుపు మూసినట్టే. వినియోగదారుల కమిషన్‌లో 30 రోజులు, మహా అయితే ఇంకో 15, అంతకుమించి ఒక్కరోజు కూడా ఇవ్వకూడదని 2020లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చేసింది.

వకీలు దగ్గరికి పోయేటప్పుడు సమన్లు, దావా కాపీ, కవరు మూడూ పట్టుకుపోండి. భూమి కేసైతే పాస్‌బుక్, పహాణీలు, రిజిస్ట్రేషన్ కాగితాలు. వకాలత్ మీద సంతకం పెట్టి వచ్చేస్తే సరిపోదు, తర్వాతి వాయిదా ఎప్పుడో అడిగి రాసుకోండి. వకీలును పెట్టుకునే స్థోమత లేకపోతే కోర్టు ఆవరణలోనే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఆఫీసు ఉంటుంది, ఆడవాళ్లకు, ఎస్సీ ఎస్టీలకు ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా వకీలును ఇస్తారు, 15100కు ఫోన్ చేసినా చెబుతారు.

భూమి తగాదాల్లో ఒక కవరును అసలు తేలిగ్గా తీసుకోవద్దు. అవతలివాడు దావా వేసిన రోజే మిమ్మల్ని పిలవకుండా తాత్కాలిక ఇంజంక్షన్ (భూమి జోలికి పోవద్దనే ఆర్డర్) తెచ్చుకుంటే, ఆర్డర్ 39 రూల్ 3 ప్రకారం పిటిషన్, అఫిడవిట్ (ప్రమాణ పత్రం), దావా, కాగితాలు అన్నీ వెంటనే మీకు అందజేయాలి లేదా రిజిస్టర్ పోస్టులో పంపాలి, పంపినట్టు ఆ రోజో మర్నాడో కోర్టులో అఫిడవిట్ వేయాలి. ఈ కవరు కోర్టు ముద్రతో రాదు, అవతలి పార్టీ నుంచో వాళ్ల వకీలు నుంచో వస్తుంది, "ఇది కోర్టుది కాదులే" అని పక్కన పడేస్తారు, రెండు రోజులకు ట్రాక్టర్ తోలుకుని పొలంలోకి పోతే ఆర్డర్ ధిక్కరించినట్టు అవుతుంది. వాళ్లు కాగితాలు సరిగా పంపకపోతే మాత్రం అది మీ వకీలు చేతిలో మంచి ఆయుధం. ఇలాంటి దావా రాబోతోందని ముందే వాసన తగిలితే కేవియట్ (నా మాట వినకుండా ఆర్డర్ ఇవ్వొద్దని ముందే వేసే పిటిషన్) వేసుకోండి, సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 148ఏ, 90 రోజులు పనిచేస్తుంది, ఆ సంగతి అవతలివాళ్లకు కూడా రిజిస్టర్ పోస్టులోనే తెలపాలి.

ఆలస్యమైపోయి ఎక్స్‌పార్టీ అయితే

ఇంకా డిక్రీ కాకుండా ఎక్స్‌పార్టీ మాత్రమే అయితే ఆర్డర్ 9 రూల్ 7 కింద, డిక్రీ అయిపోతే రూల్ 13 కింద పిటిషన్ వేయాలి. గడువు డిక్రీ తేదీ నుంచి 30 రోజులు, సమన్లు సరిగా అందనే లేదంటే డిక్రీ సంగతి మీకు తెలిసిన రోజు నుంచి 30 రోజులు. చాలామందికి ఈ సంగతి తెలిసేది ఈపీ (డిక్రీ అమలు పిటిషన్) నోటీసు వచ్చినప్పుడే, అప్పటినుంచి ఒక్కో రోజూ లెక్కే. అందులో ఒక మెలిక ఉంది, సమన్లు ఇవ్వడంలో చిన్న లోపం ఉన్నా మీకు వాయిదా తేదీ తెలిసి, రావడానికి టైం కూడా ఉందని కోర్టు నమ్మితే డిక్రీ రద్దు చేయదు. వాది మీకు ఫోన్ చేసి "ఫలానా తేదీన కోర్టుకు రా" అన్న రికార్డింగ్ ఉంటే "పోస్ట్‌మాన్ రాలేదు" అనే మాట నిలబడదు.

దావా వేసింది మీరే అయితే

ప్రోనోటు బాకీ మీద దావా వేశారనుకోండి. బత్తా (సమన్లు పంపడానికి కోర్టులో కట్టే రుసుము), పోస్టు ఖర్చులు కట్టకుండా వదిలేసి సమన్లు పోకపోతే దావా కొట్టేయొచ్చు. సమన్లు అందకుండా తిరిగొస్తే ఏడు రోజుల్లో మళ్లీ సమన్లు అడగాలి, అదీ మరిచిపోతే అదే గతి. ఇవన్నీ వకీలు గుమాస్తా చూసుకుంటాడని వదిలేయకుండా ప్రతి వాయిదా తర్వాత "సమన్లు సర్వ్ అయినయా" అని ఒక్క ఫోన్ కొట్టండి.

అడ్రసు మీద పెట్టే శ్రద్ధ వృథా పోదు. 2016 అక్టోబర్ 11న జిల్లాలు విడిపోయాక కల్వకుర్తి, అచ్చంపేట నాగర్‌కర్నూల్ జిల్లాలోకి పోయాయి, కోదాడ, హుజూర్‌నగర్ సూర్యాపేటలోకి పోయాయి, 2019లో నారాయణపేట విడిగా వచ్చింది, పాత ప్రోనోటు మీద మాత్రం ఇంకా "మహబూబ్‌నగర్ జిల్లా" అనే ఉంటుంది. దాన్నే దావాలో దించేయకుండా తండ్రి పేరు, ఇంటి నంబర్, ఊరు, మండలం, ఇప్పటి జిల్లా, పిన్‌కోడ్ సరిచూసి రాయండి. పోస్టుతో పాటు అమీనా ద్వారా కూడా అడగండి, రెండూ పోనివ్వండి. మనిషి ఇంట్లోనే ఉండి తలుపు తీయకపోతే అమీనా తలుపు మీద కాపీ అంటించి, ఎవరి సమక్షంలో అంటించాడో రాసి రిపోర్టు ఇస్తాడు. అదీ కాకపోతే కావాలనే తప్పించుకుంటున్నాడని అఫిడవిట్ వేసి, ఆర్డర్ 5 రూల్ 20 కింద పేపర్ ప్రకటనకు అనుమతి తెచ్చుకోవాలి, అతను చివరిసారి ఉన్న ప్రాంతంలో నడిచే దినపత్రికలోనే వేయాలి. పేపర్ ప్రకటనకు ఖర్చు బాగానే అవుతుంది, నన్నడిగితే దాని దాకా పోకముందే అతను పనిచేసే చోటు అడ్రసు వెతకడం మేలు.

క్రిమినల్ సంగతి వేరు. చెక్ బౌన్స్ కేసులో స్పీడ్ పోస్టు సమన్లు చెల్లుతాయి, ఎన్ఐ చట్టం (చెక్కులు, ప్రోనోట్ల చట్టం) సెక్షన్ 144లో ఉంది, అక్కడా నిరాకరిస్తే అందినట్టే. ఆ సమన్లు అందిన 15 రోజుల్లో చెక్కు డబ్బు కట్టేస్తే, ముందు లీగల్ నోటీసు అందలేదన్న వాదన చేసేవాళ్లకు కేసు కొట్టేయమని అడిగే దారి ఉంది. మిగతా క్రిమినల్ కేసుల్లో మామూలుగా పోలీసులే తెచ్చిస్తారు, రాకపోతే వారెంటు దాకా పోతుంది, సివిల్ దావాలో వాయిదాకు రానంత మాత్రాన ఎవరూ అరెస్టు చేయరు.

వాట్సాప్ గురించి కూడా అడుగుతుంటారు. కొవిడ్ రోజుల్లో, 2020 జులైలో, సుప్రీంకోర్టు ఈమెయిల్‌తో పాటు వాట్సాప్ లాంటి వాటిలోనూ పంపొచ్చని వెసులుబాటు ఇచ్చింది. కానీ పోలీసులు విచారణకు పిలిచే, కొత్త క్రిమినల్ ప్రొసీజర్ చట్టం (బీఎన్ఎస్ఎస్) సెక్షన్ 35 నోటీసు వాట్సాప్‌లో పంపితే కుదరదని 2025 జనవరిలో అదే కోర్టు చెప్పింది. తెలియని నంబర్ నుంచి కోర్టు ముద్ర వేసిన పీడీఎఫ్ వచ్చి, కింద "ఇప్పుడే డబ్బు కడితే కేసు క్లోజ్" అని ఉంటే అది సమన్లు కాదు, డబ్బు గుంజే ఎత్తు. సైబర్ క్రైం నంబర్ 1930కి ఫోన్ చేయండి.